గాజువాక నుంచి గల్ఫ్‌కి పనికెళ్లాలంటే: పాస్‌పోర్టు దగ్గర్నుంచి మొదటి జీతం దాకా ఏది ముందు, ఏది తర్వాత

మన గాజువాక, పెదగంట్యాడ, మల్కాపురం వైపు ఏ వీధిలో చూసినా ఒక్కరైనా గల్ఫ్‌లో వెల్డరో ఫిట్టరో రిగ్గరో ఉంటారు. స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఉన్న ఊరు కాబట్టి చేతిలో పనున్న కుర్రాళ్లకి కొదవ లేదు, శ్రీకాకుళం విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ కాంట్రాక్టర్ కింద పని నేర్చుకుని అట్నుంచి అటే వెళ్లిపోయేవాళ్లు కూడా బోల్డుమంది. పనిలో ఎక్కడా తగ్గరు గానీ కాగితాల దగ్గరే దెబ్బ తినేస్తున్నారు. ఎందుకంటే మనవాళ్లు ముందు డబ్బు కట్టేసి, పాస్‌పోర్టు ఇచ్చేసి, ఆ తర్వాత ఉద్యోగం ఏటో, జీతం ఎంతో అడుగుతారు. జరగాల్సింది దీనికి పూర్తిగా రివర్సు. ఆఫర్ కాగితం ముందు, మెడికల్ తర్వాత, వీసా తర్వాత, డబ్బు ఆఖర్న. ఆ వరసలోనే మొత్తం రాస్తున్నా, ఎక్కువగా గల్ఫ్ గురించే, ఎందుకంటే మన వైపు నుంచి పనికెళ్లేవాళ్లు ఎక్కువ అటే కాబట్టి.

ముందు పాస్‌పోర్టులో పేరు సరిచూసుకోండి

మన రీజనల్ పాస్‌పోర్ట్ ఆఫీసు మర్రిపాలెంలో ఉంది. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో అప్లై చేసి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లాలి, 36 పేజీల బుక్కుకి 1500 రూపాయలు, తత్కాల్ కావాలంటే ఇంకో 2000 ఎక్కువ. ఇది ఎవరైనా చేసుకోగలరు, మధ్యలో మనిషి అక్కర్లేదు. అసలు తలనొప్పి పేరు దగ్గర. మన తెలుగోళ్ల టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి ఇంటిపేరు బదులు ఒక అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ అని ఒక గడి, గివెన్ నేమ్ అని ఇంకో గడి ఉంటాయి, కొంతమంది సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో రాసేస్తారు. అలా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టులకి యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్, టూరిస్ట్ వీసాల మీద ఎంట్రీ ఇవ్వట్లేదు, రేపు మీ భార్యాపిల్లల్ని చూడ్డానికి పిలిపించుకున్నప్పుడు వాళ్లకి కూడా ఇదే ఇబ్బంది వస్తుంది. కాబట్టి ముందు ఆధార్‌ని టెన్త్ మెమోకి తగ్గట్టు మార్పించుకుని, పుట్టినతేదీ, నాన్నగారి పేరు స్పెల్లింగ్ కూడా అక్షరం అక్షరం కలిసేలా చూసుకుని, అప్పుడు పాస్‌పోర్టుకి వెళ్లండి. పాస్‌పోర్టు ఇప్పటికే ఉంటే వ్యాలిడిటీ చూడండి, ఆర్నెల్ల లోపు అయిపోయేదైతే ముందు రెన్యువల్ చేయించండి.

ఇక ఈసీఆర్ సంగతి. టెన్త్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది, అంటే కొన్ని దేశాలకి పనికెళ్లేటప్పుడు ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఇలాంటి దేశాలు 18 ఉన్నాయి, సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ అందులోనే ఉన్నాయి, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా కూడా ఉన్నాయి. టెన్త్ పాస్ అయ్యుండి కూడా అప్పట్లో మెమో పెట్టకపోవడం వల్ల ఈసీఆర్ పడిపోయినవాళ్లు చాలామంది, వాళ్లు మెమో చూపించి రీఇష్యూ చేయించుకుంటే పోతుంది. కానీ నిజంగా ఈసీఆర్ ఉన్నవాళ్లు దాన్ని చిన్నతనంగా అనుకోకండి. ఆ క్లియరెన్స్ వస్తేనే మీ కంపెనీ పేరు, మీ జీతం, మీ కాంట్రాక్టు ప్రభుత్వం రికార్డులోకి ఎక్కుతాయి, రేపు గొడవొస్తే అదే మీకు ఆధారం. అందుకే "ఈసీఆర్ లేకుండా ఎక్కించేస్తాం, టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు" అనే మనిషి దగ్గర్నుంచి అప్పుడే లేచి వచ్చేయండి. ఇంకోటి, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండకపోతే ఈ దేశాల్లో ఇంటిపనికి క్లియరెన్స్ ఇవ్వరు, వయసు ఎక్కువ వేసి పంపిస్తామనే వాళ్లున్నారు, అక్కాచెల్లెళ్లు జాగ్రత్త.

పనిని కాగితం మీద పెట్టుకోవడం

సీవీ అంటే మనవాళ్లు ఇంటర్నెట్ సెంటర్లో పాత ఫైల్లో పేరు మార్చి ప్రింట్ తీసుకుంటారు. ఆ సీవీ చూసినవాడికి మీకేం వచ్చో ఒక్క ముక్క అర్థం కాదు. వెల్డర్ అయితే టిగ్గా, ఆర్కా (ఇవి వెల్డింగ్‌లో రెండు రకాలు), రెండూనా, ఏటవాలుగా బిగించిన పైపు మీద చేసే 6జీ పొజిషన్‌లో టెస్ట్ పాసయ్యారా, కార్బన్ స్టీలు మీద చేశారా స్టెయిన్‌లెస్ మీద కూడా చేశారా, ఎంత డయా పైపు, రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి పరీక్ష) ఉన్న జాయింట్లు చేశారా లేదా, ఇవి రాయాలి. పైప్ ఫిట్టర్ అయితే ఐసోమెట్రిక్ డ్రాయింగ్ చూసి సొంతంగా ఫాబ్రికేషన్ చేయగలరా అనేది మొదటి లైన్లో ఉండాలి. రిఫైనరీ షట్‌డౌన్‌లో, అంటే మరమ్మతులకి యూనిట్ ఆపినప్పుడు చేసుంటే ఏ యూనిట్‌లో, ఏ సంవత్సరం, ఎన్ని రోజులు అని రాయండి, షట్‌డౌన్ అనుభవానికి అక్కడ మంచి విలువ ఉంది.

ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. కాంట్రాక్టర్ కింద పని చేసినోళ్లకి లెటర్‌హెడ్ మీద రాసిచ్చేవాడు ఉండడు, ఇచ్చినా నమ్మరు. కానీ పీఎఫ్ కట్ అయ్యుంటే యూఏఎన్ అనే మీ పీఎఫ్ నంబర్‌తో సర్వీస్ హిస్టరీ డౌన్‌లోడ్ అవుతుంది, ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అనేది అందులో స్పష్టంగా ఉంటుంది, గేట్‌పాస్‌లు, సేఫ్టీ ట్రైనింగ్ కార్డులు కూడా దాచుకోండి. డబ్బులిచ్చి దొంగ సర్టిఫికెట్ మాత్రం చేయించుకోవద్దు, ట్రేడ్ టెస్టులో ఎలాగూ బయటపడుతుంది. సౌదీ అయితే చాలా ట్రేడులకి తకామోల్ అనే సౌదీ సంస్థ వాళ్ల స్కిల్ వెరిఫికేషన్ టెస్టు ఇక్కడే రాసి పాసవ్వాలి, థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటివి అందులో ఉన్నాయి.

ఇక సర్టిఫికెట్ల అటెస్టేషన్, అంటే అవి అసలువే అని స్టాంపు వేయించడం. హెల్పర్, వెల్డర్ లాంటి చాలా ఉద్యోగాలకి అడగరు, సూపర్‌వైజర్, ఇంజినీరు, నర్సు లాంటి వాటికి అడుగుతారు. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకి అపోస్టిల్ అనే మన విదేశాంగ శాఖ స్టాంపు ఒక్కటే చాలు, యూఏఈ, ఖతార్, కువైట్‌లకి మన విదేశాంగ శాఖ స్టాంపు తర్వాత ఆ దేశం ఎంబసీ స్టాంపు కూడా కావాలి. అపోస్టిల్‌కి విదేశాంగ శాఖ ఫీజు డాక్యుమెంటుకి 50 రూపాయలే, మిగతా అంతా మధ్యలో వాళ్ల సర్వీసు చార్జీ, అది తెలిసి బేరమాడండి. ఉద్యోగం ఖాయం కాకముందే అన్నీ అటెస్ట్ చేయించేసుకోమనే మాట మాత్రం వినకండి.

ఏజెంటు అసలువాడా కాదా

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే జీవితాలు తారుమారయ్యేది ఇక్కడే.

2024 మే నెలలో మన వైజాగ్ సిటీ పోలీసులు కంబోడియా కేసు బయటపెట్టారు కదా. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని కంబోడియాకి పంపేశారు, అక్కడికి వెళ్లాక సైబర్ మోసాలు చేయించే కాంపౌండ్లలో పెట్టేసి, మన దేశంలో వాళ్లకే ఫోన్లు చేసి దోచుకోమని హింసపెట్టారు. తిరగబడి, వీడియోలు పంపి, ఎంబసీ, పోలీసులు కలగజేసుకున్నాక కొందరు వెనక్కొచ్చారు. వాళ్లు చదువుకున్న పిల్లలే, మోసం ఎలా జరిగిందంటే పంపినవాడు ఊళ్లోవాడే, తెలిసినవాడే. కాబట్టి "మావోడే, మా బావగారి స్నేహితుడే" అనేది గ్యారంటీ కానే కాదు.

విదేశాల్లో పనికి మనుషుల్ని పంపాలంటే మన విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ సైట్‌లో రిజిస్టర్డ్ రిక్రూటింగ్ ఏజెంట్ల లిస్టు ఉంటుంది, అడ్రస్‌తో, లైసెన్స్ వ్యాలిడిటీతో సహా, రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపుతున్నారని ఫిర్యాదులొచ్చినవాళ్ల లిస్టు కూడా అక్కడే ఉంటుంది. మీ ఏజెంటు బోర్డు మీద నంబర్ రాసుకుంటే సరిపోదు, ఆ నంబర్ సైట్‌లో కొట్టి, పేరు, అడ్రస్ కలిశాయా, లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా చూడండి. "నాకు లైసెన్స్ లేదు గానీ ముంబైలో పెద్ద ఆఫీసుకి నేను మనిషిని" అంటే వాడు సబ్ ఏజెంటు, సబ్ ఏజెంట్లని పెట్టుకోవడానికే చట్టం ఒప్పుకోదు. ఆ ముంబై ఆఫీసుకి మీరే ఫోన్ చేసి, ఈ కంపెనీకి ఈ ఉద్యోగాలకి మీ దగ్గర డిమాండ్ లెటర్ (మనుషులు కావాలని కంపెనీ ఇచ్చే కాగితం) ఉందా అని అడగండి. ఉంటే నేరుగా వాళ్లతోనే మాట్లాడుకోవచ్చు, మధ్యలో మనిషికి లక్ష ఎందుకు.

డబ్బు లెక్క కూడా చట్టంలో ఉంది. రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగే సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్షన్నర, రెండు లక్షలు అని చేతికి క్యాష్ అడుగుతున్నాడంటే అందులో చట్టబద్ధమైన భాగం ఎంతో మీరే లెక్కేసుకోండి. యూఏఈ చట్టం అయితే రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు అని రాసేసింది. ఏం కట్టినా బ్యాంకు నుంచి కట్టండి, ఫోన్‌పే అయినా పర్లేదు గానీ కంపెనీ అకౌంటుకి కట్టండి, మనిషి పేరు మీద కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సొంత రిక్రూటింగ్ సంస్థ ఉంది, వాళ్ల నోటిఫికేషన్లు కూడా చూస్తూ ఉండండి.

షిప్పు ఉద్యోగాలకి వెళ్లేవాళ్లది వేరే దారి, సీడీసీ అనే సీమెన్ బుక్కు, ఇండోస్ అనే సీమెన్ గుర్తింపు నంబరు ఉండాలి, పంపేవాడికి కేంద్రం నౌకాయాన శాఖ అయిన డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉండాలి. అక్కడ ఉద్యోగం ఇప్పించినందుకు సీమెన్ దగ్గర డబ్బు తీసుకోవడమే నిషేధం. వైజాగ్‌లో షిప్పు పేరు చెప్పి లక్షలు అడిగేవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు.

ఆఫర్ లెటర్‌లో ఏం చదవాలి

సంతకం పెట్టే ముందు కాగితం ఫోటో తీసుకుని ఇంటికి తెచ్చుకోండి, చదివినోడితో చదివించుకోండి. "ఇప్పుడే పెట్టాలి, రేపు వేకెన్సీ ఉండదు" అంటే అది తొందరపెట్టడానికే.

మొదట బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం ఎంతో చూడండి. మొత్తం 1500 దిర్హామ్‌లు అని నోటితో చెప్తారు, కాగితంలో బేసిక్ 800, అలవెన్సులు 700 అని ఉంటుంది. చేతికొచ్చేది అంతే కదా అనుకోవద్దు. యూఏఈలో గ్రాట్యుటీ (పని మానేసి వచ్చేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) బేసిక్ మీదే లెక్కకడతారు, మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. 800 బేసిక్ మీద ఏడాదికి 560 దిర్హామ్‌లొస్తాయి, మొత్తం 1500 బేసిక్‌గా ఉంటే 1050 వచ్చేవి. ఓవర్‌టైమ్ కూడా బేసిక్ మీదే, మామూలుగా అయితే పావు వంతు ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే సగం ఎక్కువ. ఖతార్‌లో అయితే 2021 మార్చి నుంచి కనీస బేసిక్ 1000 రియాళ్లు, రూము, తిండి కంపెనీ పెట్టకపోతే రూముకి 500, తిండికి 300 అదనంగా ఇవ్వాలి, అంతకంటే తక్కువ రాసుంటే అది చెల్లదు.

తర్వాత డ్యూటీ గంటలు, వారం సెలవు, రూము, తిండి ఎవరిది, ఎన్నేళ్లకోసారి టికెట్, ప్రొబేషన్ ఎంత (యూఏఈలో ఆర్నెల్లకి మించకూడదు), మధ్యలో మానేస్తే ఏటి. యూఏఈ ఆఫర్ లెటర్ అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు మీకు అర్థమయ్యే ఇంకో భాషలో ఇవ్వాలి, హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి గానీ ఆ లిస్టులో తెలుగు లేదు, కాబట్టి హిందీ వచ్చినవాళ్లు హిందీ అడగండి. అక్కడికి దిగాక ఇంకో కాంట్రాక్టు పెట్టి తక్కువ జీతానికి సంతకం పెట్టమంటే, ఇక్కడ సంతకం పెట్టిన కాపీ మీ ఫోన్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉండాలి.

వీసా పేరు కూడా పట్టి చూడండి. కువైట్‌లో ఖాదిం వీసా అంటే ఇంటిపని, షూన్ వీసా అంటే కంపెనీ. కంపెనీలో ఫిట్టర్ పని అని చెప్పి ఖాదిం వీసా ఇస్తే మీరు ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడ పనిచేసినా దొంగపనే అవుద్ది, పట్టుకుంటే డిపోర్ట్ చేస్తారు. ఫ్రీ వీసా, ఆజాద్ వీసా అని అమ్ముతారు, అలాంటి వీసా ఏ దేశం చట్టంలోనూ లేదు, కఫీల్ (మీ వీసాకి స్పాన్సరు) ఒకడు, పని ఇంకొకడి దగ్గర, ఏటేటా కఫీల్‌కి డబ్బు కట్టుకుంటూ బతకాలి. విజిట్ వీసా మీద పని చేయించుకునే యజమానికి యూఏఈ 2024లో జరిమానాని కనీసం లక్ష, గరిష్ఠంగా పది లక్షల దిర్హామ్‌లకి పెంచింది, అంటే మిమ్మల్ని పట్టుకుంటే కంపెనీ మీరెవరో తెలీదంటుంది.

మెడికల్, వీసా, హైదరాబాద్ ప్రయాణం

ఏజెంటుకి రూపాయి ఇచ్చేముందే సొంతంగా ఒక చెస్ట్ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ టెస్టులు చేయించుకోండి, కేజీహెచ్ గవర్నమెంటు ఆసుపత్రిలో అయినా సరే, బయట ల్యాబ్‌లో అయినా సరే. మా వీధిలో ఒక ఫిట్టర్ ఉన్నాడు, చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి తగ్గిపోయింది, ఊపిరితిత్తిలో మచ్చ మిగిలింది, అది తెలీక డబ్బంతా కట్టేశాక మెడికల్‌లో అన్‌ఫిట్ అన్నారు, కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. మచ్చ ఉంటే ముందే తెలుసుకుంటే ఆ డబ్బైనా మిగిలేది. సౌదీ, కువైట్ లాంటి వాటికి మెడికల్ వాఫిద్ సైట్ ద్వారా బుక్ చేసుకోవాలి, గామ్‌కా అని పాత పేరుతోనే అందరూ పిలుస్తారు, సైట్ ఏ సెంటర్ చూపిస్తే అక్కడే చేయించుకోవాలి. ఖతార్ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ ఉంది, బయోమెట్రిక్, మెడికల్, కాంట్రాక్టు సంతకం మూడూ అక్కడే అయిపోతాయి, కాంట్రాక్టు మీకు చూపించి సంతకం పెట్టిస్తారు కాబట్టి ఏజెంటు చెప్పిన జీతం నిజమా కాదా అక్కడే తేలిపోతుంది. సౌదీ బయోమెట్రిక్‌కి కూడా మన వైపు వాళ్లు ఎక్కువగా హైదరాబాదే వెళ్తారు, రాత్రి ట్రైను ఎక్కి పొద్దున్న దిగి పని చూసుకుని వచ్చేయొచ్చు.

పోలీస్ క్లియరెన్స్ అడిగితే పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే అప్లై చేయాలి, ఫీజు 500, స్టేషన్ వెరిఫికేషన్‌కి టైం పడుతుంది కాబట్టి ఆఫర్ రాగానే పెట్టేయండి.

వీసా కాగితం చేతికొచ్చాక అది అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్ అన్నిటికీ ప్రభుత్వ సైట్లలో పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు కొడితే వివరాలు వస్తాయి. కంపెనీ పేరు, ఉద్యోగం పేరు, ఆఫర్‌లో ఉన్నవి కలవాలి. ఇవి కలిశాకే డబ్బు.

ఎక్కే ముందు, దిగాక

ఈసీఆర్ వాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు, ప్రీమియం రెండేళ్లకి 275, మూడేళ్లకి 375. టెన్త్ పాసైనవాళ్లు కూడా చేయించుకోండి, టీ ఖర్చు కంటే ఎక్కువ కాదు. వెళ్లేముందు ప్రభుత్వం ఒకరోజు ఉచిత శిక్షణ ఇస్తుంది, తప్పించుకోవాలని చూడకండి, వెళ్లండి. బ్యాంకులో ఎన్ఆర్ఈ అకౌంటు (విదేశంలో సంపాదించింది వేసుకునే అకౌంటు) గురించి ఇక్కడ ఉండగానే మాట్లాడుకోండి. ఇంట్లోవాళ్ల దగ్గర పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఏజెంటు రసీదు, కంపెనీ అడ్రసు, క్యాంపు లొకేషన్ కాపీలు ఉంచండి, అమ్మకో భార్యకో ఫోన్‌లో ఎక్కడున్నాయో చూపించి వెళ్లండి.

దిగాక పాస్‌పోర్టు "సేఫ్‌గా ఉంచుతాం" అని కంపెనీ అడుగుతుంది, రెసిడెన్సీ కాగితాల పనికి ఇచ్చినా పని అయ్యాక తిరిగి అడగండి, యూఏఈలో ఉద్యోగి పాస్‌పోర్టు దాచుకోవడం చట్టవిరుద్ధం. యూఏఈలో ఎమిరేట్స్ ఐడీ గానీ సౌదీలో ఇఖామా అనే నివాస కార్డు గానీ ఆలస్యం అవుతుంటే హెచ్ఆర్‌కి మెసేజ్ పెట్టండి, నోటితో కాదు, రికార్డు ఉండాలి. ఎండల్లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా బయట ఎండలో పని చేయించకూడదు, సౌదీలో 12 నుంచి 3 దాకా. ఆ టైంలో పని చేయమంటే వద్దనే హక్కు మీకుంది.

మొదటి జీతం బ్యాంకులో పడిందా, కాంట్రాక్టులో ఉన్నంత పడిందా చూసుకోండి. రెండో నెల కూడా తక్కువ వస్తే ఆగకండి. అక్కడి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు, మన ఎంబసీ, మదద్ అనే ప్రభుత్వ పోర్టల్, ఈ మూడూ ఒకేసారి. దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 800 46342, ఇండియా నుంచి ఇంట్లోవాళ్లు చేయాలంటే 1800 11 3090, ప్రవాసాంధ్రుల కోసం మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ వాళ్లు కూడా తెలుగులో మాట్లాడి సాయం చేస్తారు. క్యాంపు నుంచి చెప్పకుండా పారిపోవడం మాత్రం చేయకండి, అలా వెళ్తే పారిపోయాడని (మనవాళ్లు ఖల్లివల్లి అంటారు) కేసు రాసేస్తారు, అప్పుడు జీతం బాకీ ఉన్న కంపెనీ మంచిదై మీరు నేరస్తులైపోతారు. ఫిర్యాదు నంబరు చేతిలో పెట్టుకుని, రూములోనే ఉండి, ఎంబసీ చెప్పినట్టు చేయండి.